మొహమాటపు సంతకం

"పెట్టె మూల నలిగి ఉంటే ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి ఎందుకు రాలేదు?" అని మా సూపర్‌వైజర్ అందరి ముందూ అడిగింది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే కోపంలో అందిలే అనుకుని ఊరుకునేదాన్ని. ఆమె నిజంగానే జవాబు కోసం చూస్తోంది. జవాబు నా దగ్గర ఉంది, కానీ దాన్ని ఇక్కడి భాషలో ఏమని చెప్పాలో ఇన్నేళ్లయినా నాకు తెలియదు. మొహమాటం.

నేను ల్యాబ్ పరికరాల సర్వీసు సంస్థలో, స్టోర్స్‌లో పనిచేస్తాను. వచ్చిన పార్సిళ్లు తీసుకుని, తెరిచి, సరిచూసి, లెక్క రాసుకోవడం నా పని. ఆ రోజు వేరే దేశంలో రిపేరు చేయించిన తొమ్మిది కిలోల డిజిటల్ బ్యాలెన్స్, అంటే ల్యాబ్‌లో తూచే యంత్రం ఒకటి విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి వ్యాన్‌లో మా గుమ్మం దాకా వచ్చింది. జోరున వాన. డ్రైవర్ మా నాన్న వయసు మనిషి, భుజాలు తడిసిపోయాయి. మూల నలగడం చూశాను, చూడలేదని అబద్ధం చెప్పను. స్కానర్ తెర మీద రిమార్కు రాయడానికి చోటు కూడా ఉంది. కానీ అంత దూరం మోసుకొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆయన తెచ్చినదానికి వంక ఎలా పెడతాం? సంతకం పెట్టేశాను. తెరిచి చూస్తే గాజు తలుపు పగిలి ఉంది. కరెంటు పెడితే అంకె సున్నా దగ్గర నిలవడం లేదు.

ఆ సంతకం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది. అంతర్జాతీయ విమాన రవాణాకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. అభ్యంతరం చెప్పకుండా సరుకు తీసుకుంటే, అది మంచి స్థితిలోనే చేరిందనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం అంటుంది అందులోని 31వ అధికరణం. కాదని నిరూపించుకోవచ్చు, కానీ ఆ బరువు మన మీద పడుతుంది. సరుకు దెబ్బతిందని కనిపెట్టిన వెంటనే, ఎంత ఆలస్యమైనా అందిన 14 రోజుల్లోపు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటితే, రవాణా సంస్థే మోసం చేసిందంటే తప్ప, కోర్టుకు వెళ్లే దారి కూడా లేదు.

ఫిర్యాదు మూడో రోజే పంపాం. అయినా విలువ ప్రత్యేకంగా ప్రకటించని సరుకుకు రవాణా సంస్థ బాధ్యత కిలోల లెక్కనే. 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్లు. తొమ్మిది కిలోలకు 234. బ్యాలెన్స్ విలువతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. అందుకే మా సంస్థ విడిగా కార్గో ఇన్సూరెన్స్ తీసుకుంటుంది. ఆ సర్టిఫికెట్ తీసి సూపర్‌వైజర్ ఒక వాక్యం మీద వేలు పెట్టింది. సరుకు స్థితి మీద అనుమానం ఉంటే, రాతపూర్వక అభ్యంతరంతో తప్ప, ఎట్టి పరిస్థితుల్లోనూ క్లీన్ రసీదు, అంటే ఏ లోపమూ రాయని సంతకం, ఇవ్వకూడదు అని ఉంది. ఎట్టి పరిస్థితుల్లోనూ! వాన కురుస్తున్నా సరే అన్నమాట.

నాకు కష్టం కలిగించింది తిట్టు కాదు. అది నిర్లక్ష్యం అని ఆమె అనుకోవడం. మనం అలా పెరగలేదు. ఎదుటి మనిషి మొహం చూసి మాట మింగడం మనకు చిన్నప్పుడే వస్తుంది, దాన్ని మంచితనమనే నేర్చుకున్నాం. ఇప్పటికీ అది మంచితనం కాదని నేననను. ఇక్కడివాళ్లు పెట్టె తెరవకముందే ఆరు వైపులా ఫొటోలు తీస్తుంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. మనిషిని ఎదురుగా పెట్టుకుని అంత అనుమానమా అనిపించేది. నష్టం ఎంతో చూడటానికి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి మొట్టమొదట పెట్టె అడిగినప్పుడు గానీ ఆ ఫొటోలు ఎవరి కోసమో అర్థం కాలేదు. ఆయన ఆ వానలో లేడు, ఆ డ్రైవర్ని చూడలేదు. ప్యాకింగ్ సరిగా లేకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు కాబట్టి, లోపలి ఫోమ్, అట్ట, టేపు, నలిగిన మూల అన్నీ ఆయన కళ్లతో చూడాలి. నేనేమో ఆ అట్టపెట్టెను చక్కగా మడిచి పాత అట్టల్లో పడేశాను. బండి వచ్చి తీసుకెళ్లకముందే దొరకడం నా అదృష్టం.

రెండు వారాల తర్వాత అదే డ్రైవర్ మళ్లీ వచ్చాడు. స్కానర్ ఇవ్వకుండా కాసేపు నిలబడ్డాడు. "ఆ తొమ్మిది కిలోల పెట్టె గురించి నన్ను పిలిచి అడిగారమ్మా" అన్నాడు. నా గుండె జారింది. ఆ ఉదయం డిపోలో వ్యాన్ ఎక్కించేటప్పుడే మూల నలిగి ఉందట. ఆయన ఫొటో కూడా తీసి పెట్టుకున్నాడు. కానీ నా సంతకం పక్కన ఏమీ లేదు, ఫిర్యాదులో మాత్రం మూల నలిగిందని ఉంది. దాంతో మధ్యలో ఏం జరిగిందన్న ప్రశ్న చివర పట్టుకున్న చేతి దగ్గరికే వచ్చింది. "నువ్వు ఒక్క మాట రాసుంటే నా ఫొటో, నీ మాట ఒకటయ్యేవి" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఆయన మొహం చూసి నేను దాచిన మాట ఆయనకే అక్కరకొచ్చేది.

"మీకు ఇబ్బంది అవుతుందని రాయలేదు" అన్నాను. ఆయన కాస్త ఆశ్చర్యంగా చూసి, ఆ రోజు తెచ్చిన పెట్టెను తనే నా వైపు తిప్పి చూపించాడు. ఒక పక్క చిన్న చిరుగు ఉంది. "రాయి" అన్నాడు. రాశాను. రాస్తుంటే చెయ్యి వణికింది.

ఆయన ఫొటో మా ఫైల్లో చేరింది. రిపేరు ఖర్చు రావడానికి రెండు నెలలు పట్టింది.

మొన్న ఆదివారం ఇంటి నుంచి పార్సిల్ వచ్చింది. అమ్మ మా పాత ఫొటో ఫ్రేము కట్టించి పంపింది. పెట్టె ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది, కదిపితే గాజు ముక్కల చప్పుడు. కత్తెర పక్కన పెట్టి ఫొటోలు తీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది.

"ఇంకా విప్పలేదా?"

"లేదమ్మా. పెట్టె దెబ్బతింది. రాయించి తీసుకున్నాను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యో, రాయించావా? పాపం, తెచ్చినతను నొచ్చుకున్నాడేమో" అంది.

ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి, పెట్టెను మెల్లగా పక్కకు తిప్పి, మిగిలిన రెండు వైపులా కూడా ఫొటో తీశాను.