వెయ్యి కోట్లు -1 ఎలా అయ్యాయో తెలిశాకే ఉద్యోగం వచ్చింది

నిన్న సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. ఆ సంతోషం, దానికి ముందు పడ్డ బాధ రెండూ పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ నాలుగేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేశాను. జావా డెవలపర్‌గా మారాలని ఆరు నెలలుగా ప్రయత్నం. మొదటి కంపెనీలో ఆన్‌లైన్ టెస్టు, వీడియో రౌండు సులువుగానే అయిపోయాయి. మూడోది ఆఫీసులో.

ప్యానెల్‌లో ఒకాయన మనవాడే. కాగితం మీద డబుల్ (దశాంశాలు పట్టే టైపు) విలువ 300.7 రాసి, ముందు బ్రాకెట్లో బైట్ (చిన్న పూర్ణాంకాల టైపు) అని కాస్ట్, అంటే టైపు మార్చమనే ఆదేశం, పెట్టి, "ప్రింట్ చేస్తే ఎంతొస్తుంది?" అన్నాడు. బైట్‌లో పట్టే పెద్ద అంకె 127 కదా, అదే చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, పక్కనున్న మేడమ్‌తో తెలుగులో "నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ అట, టైప్ కాస్టింగ్ కూడా రాదు" అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఇంగ్లీషులో అని ఉంటే ఇంత తగిలేది కాదు. తెలియనివాడికి తెలియదని చెప్పండి, పక్కవాళ్లకు చూపించి నవ్వకండి. 500డీ బస్సులో నిలబడి వస్తుంటే చెవుల్లో అదే మాట.

కోచింగ్ సెంటర్‌లో మాకు చెప్పింది ఒక్కటే: బ్రాకెట్లో టైపు రాస్తే మారిపోతుంది. ఫీజు తీసుకున్నంత శ్రద్ధగా పాఠం చెప్పలేదు. ఆ రాత్రి జావా లాంగ్వేజ్ స్పెసిఫికేషన్ ఐదో అధ్యాయం తెరిచాను. మార్పిడి రూల్సన్నీ అక్కడే ఉన్నాయి.

డబుల్ నేరుగా బైట్ అవ్వదు. ముందు ఇంట్ (మామూలు పూర్ణాంకాల టైపు) అవుతుంది, దశాంశం తెగిపోయి 300 మిగులుతుంది. తర్వాత ఆ ఇంట్‌లో చివరి 8 బిట్లు (0, 1 అంకెలు) మాత్రమే ఉంచుతారు, బైట్‌లో పట్టేవి అన్నే. 300లోంచి ఆ 8 బిట్లకు పైనున్న 256 పోతే 44. జవాబు అదీ.

అక్కడితో ఆగలేదు. 300.7 బదులు, డబుల్‌గానే, వెయ్యి కోట్లు పెట్టి చూశాను. -1 వచ్చింది! అర్ధరాత్రి దాకా కూర్చుంటే గానీ అర్థం కాలేదు. వెయ్యి కోట్లు ఇంట్‌లో పట్టదు కాబట్టి మొదటి అడుగులో 2147483647 దగ్గర ఆగిపోతుంది. ఆ అంకెలో చివరి 8 బిట్లూ 1లే. అన్నీ 1లైతే బైట్‌లో అది -1. మొదటి అడుగు హద్దు దగ్గర ఆపుతుంది, రెండో అడుగు హద్దు చూడకుండా కోసేస్తుంది. ఎక్కడా ఎర్రర్ లేదు, కనీసం వార్నింగ్ లేదు. కాస్ట్ రాశామంటే బాధ్యత నాదని కంపైలర్‌కు (కోడ్‌ను తనిఖీ చేసి మార్చే ప్రోగ్రామ్‌కు) సంతకం పెట్టి ఇచ్చినట్టే. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే పేలిపోయింది, 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయినందుకే. అక్కడి ఆడా భాష కనీసం ఎక్సెప్షన్ (పని ఆపే ఎర్రర్) విసిరింది. జావాలో ఈ కాస్ట్ అదీ విసరదు.

అందుకే లాంగ్‌ని (ఇంట్ కంటే పెద్ద పూర్ణాంకాల టైపుని) ఇంట్ చేయాలంటే బ్రాకెట్ వాడకండి. జావాలోని మ్యాథ్ (Math) అనే క్లాసులో టు ఇంట్ ఎగ్జాక్ట్ (toIntExact) ఉంది, పట్టకపోతే ఎక్సెప్షన్ వస్తుంది. ప్లస్ ఈక్వల్స్ (+=) గుర్తులో కాస్ట్ దాగి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

రెండో కంపెనీ వైట్‌ఫీల్డ్‌లో. అక్కడి మేడమ్ 30 రోజులకు ఎన్ని మిల్లీసెకన్లో లెక్క రాసిచ్చి, "లాంగ్‌లోనే పెట్టారు, మరి -1702967296 ఎందుకొచ్చింది?" అని అడిగారు. గుణకారం ఇంట్‌లోనే జరిగిపోయింది, మొత్తం లెక్కకు బయట కాస్ట్ పెడితే లాభం లేదు, మొదటి అంకెకే పెట్టాలని చెప్పాను. అడగకపోయినా వెయ్యి కోట్ల సంగతీ చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అక్కడికక్కడే లాప్‌టాప్‌లో టైప్ చేసి రన్ చేశారు. -1 రాగానే స్క్రీన్ నా వైపు తిప్పి, "ఇది నాకూ తెలియదండీ" అన్నారు.