ఒట్టిపోయిన కామ్రీ

ఈ రోజు మా పాత టయోటా కారు కామ్రీని ఇచ్చేశాం. పదింటికీ ఒంటిగంటకీ మధ్య వస్తామన్న టో ట్రక్కు పన్నెండున్నరకి వచ్చింది. థాంక్స్‌గివింగ్ సెలవులు కదా, అందరం ఇంట్లోనే ఉన్నాం. దాంతో సలహాలకి లోటు లేకుండా పోయింది.

2006 మోడల్ బండి అది. 2008లో, అమ్మాయి కడుపులో ఉండగా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మీటరు లక్షా తొంభై వేల మైళ్ళు దాటింది. ఇంజన్‌ది ఏ తప్పూ లేదు, ఇప్పటికీ తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. పాడైందల్లా అడుగు భాగమే. న్యూజెర్సీలో మంచు పడ్డప్పుడల్లా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇన్నేళ్ళుగా తలుపుల కింద రేకుని తినేసింది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో అలా పొడిచి చూపించాడో లేదో, తుప్పు పొరలు పొరలుగా నేల మీద రాలింది. బాగు చేయడానికి అతను చెప్పిన డబ్బు పెడితే ఇలాంటి బండి ఇంకోటి వస్తుంది.

తుక్కు యార్డు వాళ్ళు 350 డాలర్లు ఇస్తామన్నారు. మా ఆయన అటే మొగ్గారు. నేను మాత్రం ఎవరికైనా పనికొచ్చేలా ఇద్దామన్నాను. పాత కార్లని బాగు చేయించి, బండి లేక ఉద్యోగాలకి వెళ్ళలేని వాళ్ళకి ఇచ్చే సంస్థలున్నాయి ఇక్కడ. అలాంటి చోటికి ఫోన్ చేస్తే, ఇంత పాతది, ఇన్ని మైళ్ళు తిరిగింది మేం తీసుకోమండీ అని మర్యాదగా చెప్పేశారు. ఆఖరికి లేనివాళ్ళకి ఉచితంగా తిండి సరుకులు పంచే ఒక ఫుడ్ బ్యాంకుతో కుదిరింది. వాళ్ళకి కారుతో పనేమీ లేదు. వాళ్ళ తరఫున వేరే కంపెనీ బండిని తీసుకెళ్ళి వేలం వేస్తుంది, తన ఖర్చులూ వాటా మినహాయించుకుని మిగిలింది వాళ్ళకి పంపుతుంది. విడిభాగాల వాళ్ళే పాడుకుంటారని నా అనుమానం.

ఈ కథంతా పప్పులో తాలింపు పెడుతూ విన్న అమ్మ, "నచికేతుడి తండ్రి చేసిందీ ఇదేగా" అంది.

నచికేతుడెవరని మా అమ్మాయి అడగడమే తరువాయి. యజ్ఞం చేసి ఉన్నదంతా దానం ఇస్తానన్న పెద్దమనిషి ఒట్టిపోయిన ఆవుల్ని తోలాడట. తాగాల్సిన నీళ్ళు తాగేసి, మేయాల్సిన గడ్డి మేసేసి, పాలు వట్టిపోయిన ఆవులు. కొడుక్కి అది నచ్చలేదు. మరి నన్నెవరికిస్తావు నాన్నా అని ఒకటికి మూడుసార్లు అడిగేసరికి, తండ్రికి విసుగొచ్చి, యముడికిస్తాను పో అన్నాడు.

అమ్మాయి ఊరుకుంటుందా! సోఫాలో ఉన్న వాళ్ళ నాన్న వైపు తిరిగి, "మరి నన్నెవరికిస్తావు నాన్నా" అంది.

"కాలేజీకి" అన్నారీయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

అమ్మ గరిటె పళంగా వచ్చింది. "నోర్ముయ్యవే! ఆ మాట ఆటక్కూడా అనకూడదు. పైన తథాస్తు దేవతలుంటారు. మీరైనా చెప్పరేం బాబూ?" ఈయన ఫోన్ పక్కన పెట్టి బుద్ధిగా "తప్పమ్మా" అన్నారు. ఎవరితో అన్నారో తెలియలేదు.

తర్వాత కారు ఖాళీ చేశాం. సీట్ల కింద దొరికినవి అందరి కార్లలో దొరికేవే, రాయడం దండగ. డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి దగ్గరే అసలు పని పడింది. బ్రిడ్జ్‌వాటర్ గుడిలో వాహన పూజ చేయించిన రోజు అంటించాం. పదిహేడు వేసవుల ఎండకి ఆ జిగురు ప్లాస్టిక్‌లో కలిసిపోయింది. లాగితే విగ్రహం విరుగుతుందేమోనని భయం. అమ్మాయే ఉపాయం చెప్పింది. పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని పీఠం కిందకి పోనిచ్చి, రెండు చేతులా అటూ ఇటూ రంపంలా లాగాం. దారం తెగింది, ఇంకోటి తీశాం. ఉన్నట్టుండి స్వామి చేతిలోకి వచ్చేశారు. ఆయన కింద డాష్‌బోర్డు కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది, చుట్టూ మాత్రం బూడిద రంగు.

ఇక్కడ నంబర్ ప్లేట్లు బండితో పాటు ఇవ్వకూడదు. విప్పి మోటార్ వెహికల్ ఆఫీసులో అప్పగించాలి, ఆ తర్వాతే ఇన్సూరెన్స్ ఆపాలి. వెనక ప్లేటు బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. ట్రక్కు డ్రైవరే జాలిపడి తన రెంచీతో తిప్పి పెట్టాడు. బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీద సంతకం దగ్గర ఇంకో టెన్షన్. కొట్టివేతలు ఉంటే చెల్లదు, పైగా ఈయన ఇంటిపేరు వాళ్ళు మొదటి పేరుగా అచ్చేశారు. అలాగే తిరగేసి సంతకం పెట్టారు. డ్రైవరు కాగితమూ తాళమూ తీసుకుని రసీదు ఇచ్చి, బండిని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. అయిదు నిమిషాల పని.

భోజనాల దగ్గర ఈయన, "పోనీ టాక్స్‌లో ఎంత తగ్గుతుంది?" అన్నారు. ఆ లెక్క నేను ముందే చూసి పెట్టుకున్నాను. ఒకప్పుడు పాత కారుకి మార్కెట్ ధర ఇంత అని మనమే వేసుకుని తగ్గించుకునే వీలుండేది. 2004లో చట్టం మార్చి, 2005 నుంచి దానికి అడ్డుకట్ట వేశారు. 500 డాలర్లు దాటితే మామూలుగా వేలంలో ఎంతకి పోయిందో అంతే చూపించుకోవాలి, దానికి వాళ్ళు 1098-సి ఫారం పంపుతారు. అంతకన్నా తక్కువకి పోతే మార్కెట్ ధరా, 500 డాలర్లా, ఏది తక్కువైతే అది. అదీ ఖర్చులన్నీ విడివిడిగా చూపించే వాళ్ళకే. చూపించని వాళ్ళకి ఆదాయంలోంచి స్టాండర్డ్ డిడక్షన్ అని ఒక మొత్తం ఎలాగూ తగ్గిస్తారు, 2025కి భార్యాభర్తలకి అది 31,500 డాలర్లు. మాకు అంతకు మించి చూపించేంత ఖర్చుల్లేవు. కాబట్టి మా లాభం సున్నా. పాత కారివ్వండి, పన్ను తగ్గించుకోండి అని ఊదరగొట్టే ప్రకటనల్లో ఈ ముక్క ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది.

నాకైతే దీన్ని దానం అనడానికి నోరు రాలేదు. వదిలించుకున్నాం, అంతే. కాకపోతే పదిమందికి ఉపయోగపడేలా వదిలించుకున్నాం. అమ్మతో అదే అంటే, "అయితే పాలిచ్చేది కూడా ఒకటి తోలండి" అంది.

సరే, ఆ ఫుడ్ బ్యాంకుకే ఒక చెక్కు రాద్దామన్నాను. ఈయన వెంటనే, "జనవరిలో రాయి. 2026 నుంచి మనలాంటి వాళ్ళు కూడా డబ్బు విరాళం 2,000 డాలర్ల దాకా తగ్గించుకోవచ్చు" అన్నారు. నిజమే, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఈ రాత్రే 500 డాలర్లకి, ఈ రోజు తేదీ వేసి రాసేశాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చెక్కు చూసింది. "ఇంకో సున్నాకి చోటుందిగా అమ్మాయ్" అంది. ఈయన లేచి పడుకోవడానికి వెళ్ళిపోయారు.