తలనొప్పి కంటే ముందు చూపు చెదిరితే

మైగ్రేన్ అనగానే అందరికీ తట్టేది తలనొప్పే. కానీ నాలాంటి వాళ్లకి నొప్పి కంటే ముందు ఇంకోటి వస్తుంది, చూపు చెదిరిపోతుంది. డాక్టర్లు దీన్ని ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్న ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరికి ఆరా ఉంటుంది, అందులోనూ ఎక్కువమందికి చూపుకి సంబంధించిందే. అయినా మనవాళ్లలో దీని గురించి వివరంగా మాట్లాడుకునేది తక్కువ, అందుకే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పేపర్లు దిద్దుతూ ఉంటాను, మొత్తం 78 అని వేస్తాను, చూస్తే 7 ఉంటుంది, 8 ఉండదు. నల్ల మచ్చేమీ ఉండదు, మసక కూడా కాదు, అక్కడేమీ రాయనట్టు తెల్ల కాగితమే కనిపిస్తుంది. కళ్లు ఇంకాస్త కుడివైపుకి జరిపితే 8 దొరుకుతుంది గానీ పక్కనున్న సంతకం మాయమైపోతుంది. ఎదురుగా కూర్చున్న టీచర్‌ని చూస్తే ఒక కన్ను, సగం బొట్టు, అంతే. కాసేపటికి ఆ ఖాళీ చుట్టూ ఒక వంకరటింకర గీత వెలగడం మొదలవుతుంది. గద్వాల చీరకి గుడి అంచు ఉంటుంది చూడండి, అలా పళ్లు పళ్లుగా. కాకపోతే ఇది ఒకచోట నిలవదు, తళతళా వణుకుతూ, మెల్లగా పెద్దదవుతూ, చూపు చివరిదాకా జరిగిపోతుంది. కళ్లు మూసుకున్నా పోదు. ఇరవై నిమిషాలో అరగంటో అయ్యాక చూపు మామూలైపోతుంది, ఆ వెనకే నొప్పి, వాంతులు, ట్యూబ్‌లైట్ వైపు చూడలేకపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే.

ఎవరికి చెప్పినా ఒక్కో మాట అన్నారు. "పైత్యం చేసిందే, కాస్త మజ్జిగ తాగి పడుకో" అంది అమ్మ. "కళ్లు బైర్లు కమ్మాయేమో, రక్తం తక్కువగా ఉందేమో చూపించుకో" అన్నారు అత్తయ్య. "సైట్ పెరిగి ఉంటుంది మేడమ్, అద్దాలు మార్పించండి" అని స్టాఫ్‌రూంలో సలహా. కళ్లు పరీక్ష చేయించుకుంటే నంబర్లో తేడా ఏమీ లేదన్నారు. ఉండదు కూడా, ఎందుకంటే ఇది కంట్లో జరిగేది కాదు. తల వెనక వైపున, మెదడులో చూపుని చూసుకునే భాగం ఉంటుంది, జరిగేదంతా అక్కడే.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ సైకాలజిస్టుకి ఈ ఆరా వచ్చేది. ఆయన తన చూపులో ఆ గీత ఎలా పెరుగుతోందో టైము చూసుకుంటూ కాగితం మీద గీసుకుని, ఆ బొమ్మలని బట్టి మెదడు మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కగట్టి 1941లో రాశాడు. 1944లో లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేళ్ల మెదడు మీద ప్రయోగాలు చేస్తూ, ఇంచుమించు అంతే నెమ్మదిగా పాకే ఒక అలని చూశాడు. అల ముందు అంచున నరాల కణాలు ఒక్కసారిగా రేగుతాయి, మనకి మెరుపు గీతలా కనిపించేది అదే. అల దాటిపోయిన చోట ఆ కణాలు కాసేపు పని ఆపేస్తాయి, అక్కడే మన 8 కనిపించకుండా పోతుంది. ఒక మనిషి తన బాధని గీసుకుని, లెక్క వేసి, అంత దగ్గరగా రావడం ఎంత గొప్ప విషయమో! ఇది తెలిసిన రోజు నాకు సగం టెన్షన్ దిగిపోయింది.

అందుకే ఆరా వచ్చేవాళ్లు ఎవరు కలిసినా నేను చెప్పేది, ఆ కాసేపూ కంగారుపడకుండా దాన్ని గమనించండి, గీసిపెట్టుకోండి అని. నేనైతే తెల్ల కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, చూపంతా ఆ చుక్క మీదే ఉంచి, గీత ఎక్కడిదాకా వచ్చిందో ఐదు నిమిషాలకోసారి గీసి పక్కన టైము వేస్తాను. న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టర్ దగ్గరికి ఆ కాగితమే తీసుకెళ్లాను, నేను మాటల్లో ఎంత చెప్పినా తెలియనిది ఆయనకి అది చూడగానే అర్థమైంది.

గమనించడం ఎందుకంటే, చూపు చెదిరిన ప్రతిసారీ అది మైగ్రేనే కానక్కర్లేదు. ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. రెండింటిలోనూ ఒకే వైపున కనిపిస్తుంటే మెదడు నుంచి వస్తున్నట్టు. ఒక్క కంట్లోనే చూపు పోయిందంటే, ముఖ్యంగా నల్లగా కమ్ముకొస్తూ ఉంటే, తెల్లారాక చూద్దాంలే అని పడుకోకండి, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి, కంటి లోపలి వెనక పొర, అంటే రెటీనా ఊడినా, కంటి రక్తనాళం మూసుకుపోయినా అలాగే ఉంటుంది. టైము కూడా ముఖ్యం. ఆరా మెల్లమెల్లగా పెరుగుతుంది, మామూలుగా గంటలోపు పోతుంది. ఒక్కసారిగా మొత్తం పోయినా, గంట దాటినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ స్వాధీనం తప్పినా 108కి ఫోన్ చెయ్యాల్సిందే. యాభై దాటాక మొదటిసారి వచ్చినవాళ్లు కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నాను. ఆరా మొదలైతే బండి పక్కకి తీసి ఆపేయండి. ఇల్లు ఈ సందు దాటితేనే కదా అని పోనివ్వకండి. చూపులో ఖాళీ పడినచోట మెదడు చుట్టుపక్కల రంగు తెచ్చి నింపేస్తుంది, అందుకే అక్కడ మనిషి ఉన్నా మీకు ఖాళీ రోడ్డే కనిపిస్తుంది. చూపు మామూలయ్యేదాకా ఏ షాపు ముందో కూర్చోండి, ఇంట్లోవాళ్లని రమ్మనండి. క్లాసులో అయితే నేను చాక్‌పీసు పెట్టేసి కూర్చుంటాను. మా తొమ్మిదో తరగతి పిల్లలకి విషయం చెప్పేశాను, ఒకమ్మాయి లేచి కిటికీ మూస్తుంది, ఇంకొకరు నా బాటిల్ అందిస్తారు, "మిగతా లెక్క మేం చేసుకుంటాం మేడమ్" అంటారు. బంగారాలు.

మందుల సంగతికొస్తే, ఆరాని అక్కడికక్కడ ఆపేసే బిళ్ల లేదు. నాకు నొప్పికి న్యాప్రోక్సెన్, వాంతికి డోమ్‌పెరిడోన్ రాశారు, నొప్పి ముదరకముందే వేసుకుంటే పనిచేస్తాయి. సుమాట్రిప్టాన్ లాంటివి నొప్పి మొదలయ్యాక వేసుకోవాలి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి అవి ఇవ్వరు. తరచూ వచ్చేవాళ్లకి రాకుండా రోజూ వాడే మందులుంటాయి, ప్రొప్రనొలాల్, టోపిరమేట్, ఫ్లునారిజిన్. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ పడదు. టోపిరమేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కడం మామూలే గానీ, కంట్లో నొప్పి, మసక వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. మెడికల్ షాపులో తెచ్చుకునే తలనొప్పి బిళ్లలు నెలలో పది పదిహేను రోజులు వాడుతూ పోతే ఆ బిళ్లలే తలనొప్పి తెప్పిస్తాయి, ఇది చాలామందికి తెలియదు.

నాకు పడనివి ఆకలి, ఎండ, నిద్ర తేడా. కార్తీక మాసంలో నేను ఉపవాసాలు మానేసి దీపం మాత్రం పెట్టుకుంటాను, అమ్మ మొదట్లో నొచ్చుకుంది, ఇప్పుడు తనే "ఏమైనా తిన్నావా" అని ఫోన్ చేస్తుంది. ఆదివారం కూడా రోజూ లేచే టైముకే లేస్తాను.

ఆడవాళ్లకి ఒక విషయం చెప్పకుండా ముగించలేను. ఆరాతో కూడిన మైగ్రేన్ ఉన్నవాళ్లకి పక్షవాతం ప్రమాదం మామూలు వాళ్ల కంటే కొంచెం ఎక్కువ, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. వీళ్లకి అవి ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. ఈస్ట్రోజెన్ లేని పద్ధతులున్నాయి, అడగాలి. పెళ్లిళ్లకీ వ్రతాలకీ నెలసరి వాయిదా వేసుకోవడానికి షాపులో పేరు చెప్పి తెచ్చుకునే బిళ్లలు ఉంటాయే, అవి కూడా డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. గైనకాలజిస్టు తలనొప్పి గురించి అడగకపోవచ్చు, న్యూరాలజిస్టు నెలసరి బిళ్లల గురించి అడగకపోవచ్చు, ఇద్దరికీ రెండూ మనమే చెప్పాలి, ఆ గీసుకున్న కాగితం కూడా చూపించండి.