పాండిచ్చేరి ప్లానూ, పితకపప్పూ

ఆదివారం. రాసుకునేంత పెద్ద సంగతేమీ జరగలేదు ఈరోజు, కానీ పొద్దుటి నుంచి ఇంట్లో పాండిచ్చేరి గోలే, అందుకని కూర్చుని రాస్తా ఉన్నా.

నిన్న మార్కెట్లో అనపకాయలు గుట్టలుగా పోసుంటే ఆగలేక తెచ్చేశా, చలికాలం పోతే మళ్ళీ దొరకవు కదా. మా అత్త రాత్రే గింజలు నానేసింది. పొద్దున టిఫిన్ కాగానే హాల్లో పేపర్ పరుచుకుని అందరం పితకడానికి కూర్చున్నాం, ఇది ఒక్కరు చేసే పని కాదు, గింజ మీద బొటనవేలు పెట్టి నొక్కితే పప్పు ఎగిరి ఎక్కడో టీవీ కింద పడుతుంది, పిల్లలు దానికోసం పరిగెత్తడం, అదొక సందడి. అప్పుడు దిగినాడు మా బామ్మర్ది. చేతిలో ఫోను, మొహం వెలిగిపోతా ఉంది.

"బావా, నువ్వు పాండిలో చదివినావు కదా, ఫ్రెండ్సంతా ఈ వీకెండ్ పోతా ఉండాం, ప్లాన్ కరెక్టుగా ఉందా చూడు."

చూశా. పసుప్పచ్చ గోడ దగ్గర ఫొటో, ఒక కేఫ్, ఇంకో కేఫ్, రాక్ బీచ్, ఆరోవిల్‌లో ఆ బంగారు గోళం ముందర సెల్ఫీ, మళ్ళీ కేఫ్. రాత్రుళ్ళు ఏంజేస్తారో రాయలేదు. రాయకపోయినా తెలుసు, అక్కడ మందు చవక, వాళ్ళమ్మ ముందర ఎట్లా చెప్తాడు పాపం.

"దీనికి అంతదూరం ఎందుకురా, ఇంటర్నెట్లో ఫొటోలు చూస్తే సరిపోతుంది కదా" అన్నా. వాడికి కోపమొచ్చింది. కానీ నాకూ కొంచెం కోపమే. మన తిరుపతోళ్ళమై ఉండి ఇట్లా చేయొచ్చా అని. మనూరికి వచ్చేవాళ్ళని చూస్తా ఉంటాం కదా రోజూ, రైలు దిగుతారు, కొండెక్కుతారు, దర్శనం, లడ్డూ, మళ్ళీ రైలు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉండే వీధుల్లో తీరిగ్గా నడిచేవాళ్ళెంతమంది? 1130లో రామానుజులవారు ఆ స్వామిని ప్రతిష్ఠ చేశాకే ఈ ఊరు పెరిగిందని చెప్తారు, ఆ సంగతి ఎవురికి కావాలి. ఘాట్ రోడ్డులో ఒకచోట కింది రాతికీ దానిమీద కూర్చున్న రాతికీ మధ్య 80 కోట్ల ఏళ్ళ తేడా ఉందని జియాలజీవాళ్ళు బోర్డు పెట్టుంటారు, ప్రపంచంలోనే అరుదైన చోటంట, బస్సులన్నీ దాని పక్కనుంచే హారన్ కొట్టుకుంటా పోతాయి. వాళ్ళని చూసి మనం నవ్వుకుంటాం, మళ్ళీ మనం ఇంకో ఊరికి పోయినప్పుడు అచ్చం అట్లానే చేస్తాం.

సరే అని గింజలు పితుకుతానే చెప్పడం మొదలుపెట్టా.

కాలాపట్టు యూనివర్సిటీలో పీజీ చేసేటప్పుడు నేను సెలవు రోజుల్లో తిరిగిందంతా కాలవకి ఇవతలే. పాండిచ్చేరి మధ్యలో ఒక పెద్ద కాలవ ఉంటుంది, దానికి సముద్రం వైపు తెల్లోళ్ళ వీధులు, ఇటువైపు మనోళ్ళవి, ఫ్రెంచోళ్ళు అట్లా విడదీసి పెట్టుకున్నారు. టూరిస్టులంతా అటుపక్కే. ఇటుపక్కకి వస్తే తమిళోళ్ళ పాత ఇళ్ళు, ముందర తిన్నెలు, తిన్నెల మీద చెక్క స్తంభాలతో వసారా, దారినపోయేవాడు కూర్చుని సేదతీరడానికన్నమాట. ఇంకొంచెం దక్షిణంగా పోతే ఖాజీ వీధి, ముల్లా వీధి, అక్కడ తురకల ఇళ్ళు ఇంకో రకం. సాయంత్రం నాలుగున్నర అయిదు మధ్య ఎండ అడ్డంగా పడేటప్పుడు ఆ వీధుల్లో నడవాలి, డబ్బులేం అడగరు.

ఆ పక్కనే, పెద్ద మార్కెట్టుకు దగ్గర్లో రంగపిళ్ళై వీధి. వాడికి పేరు కూడా తెలీదు, నేనైతే ఈయన కోసమే పాండిచ్చేరి పోవచ్చంటా. ఆనంద రంగపిళ్ళై, 1709లో పుట్టినాడు, ఫ్రెంచి కంపెనీకి దుబాసీ, అంటే దొరలకీ మనోళ్ళకీ మధ్య మాట చేరవేసే మనిషి, డూప్లే గవర్నరుగా ఉన్నప్పుడు ఈయన చెయ్యి పడకుండా వ్యాపారం గానీ రాయబారం గానీ నడిచేది కాదు. ఈయన 1736 నుంచి 1761లో పోయేదాకా డైరీ రాశాడు. తమిళంలో. ఏ ఓడ వచ్చింది, ఎన్ని ఫిరంగులు పేల్చారు, ఎవురు ఎవురికి లంచం ఇచ్చారు, డూప్లే భార్య ఏ పితూరీ చెప్పింది, అన్నీ. తర్వాత మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో అచ్చేస్తే 12 సంపుటాలైంది. యూనివర్సిటీ లైబ్రరీలో ఒకటి రెండు తిరగేశా నేను, యుద్ధాల కంటే ఆ చాడీలే బాగుంటాయి. ఇంకోటుంది, కస్తూరి రంగకవి అని మన తెలుగాయన ఈ పిళ్ళై పేరు మీదే ఆనందరంగరాట్ఛందము అని ఛందస్సు పుస్తకం రాసి అంకితమిచ్చాడు. పాండిచ్చేరిలో ఉండే తమిళ దొరకి తెలుగు ఛందస్సు అంకితం! అప్పట్లో ఈ బోర్డర్లు లేవు కదా. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, కింద చెక్కిన చెక్క స్తంభాలు, పైన యూరప్ పద్ధతి స్తంభాలు. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని పోవాలి, బయట నిలబడి చూసినా నష్టం లేదు.

"డైరీ రాసినాయన ఇల్లు చూసేదానికి నా ఫ్రెండ్స్ రారు బావా" అన్నాడు. మా ఆవిడ అందుకుని "మీ బావ డైరీ రాస్తాడు కదరా, అందుకే ఆ ప్రేమ" అంది. ఆ మాట నిజమే అనుకో.

సరే వాళ్ళకి తగ్గది చెప్దామని ఆయి కథ ఎత్తుకున్నా. భారతి పార్కు మధ్యలో ఆయి మండపం అని తెల్లటి మండపం ఉంటుంది, అందరూ ముందర ఫొటో దిగి పోతారు, పేరెందుకొచ్చిందో అడగరు. ఆయి అనేది ఒక వేశ్య అంట. కృష్ణదేవరాయలు ఆ దారిన పోతా, దీపాలు వెలుగుతున్న ఆమె ఇల్లు చూసి గుడి అనుకుని దండం పెట్టాడంట, తర్వాత తెలిసి అవమానంతో పడగొట్టమన్నాడంట. ఆమె బతిమాలుకుని తన ఇల్లు తానే కూల్చి అక్కడ జనానికి నీళ్ళకోసం చెరువు తవ్వించింది. మూడో నెపోలియన్ కాలంలో ఫ్రెంచి ఇంజనీర్లు ముత్తిరపాళ్యం నుంచి టౌనుకి నీళ్ళు తెచ్చినప్పుడు, ఈ కథ విని ఆమె పేరున మండపం కట్టించారని చెప్తారు. కథే, చరిత్ర అని ఒట్టేయను. కానీ మన కొండమీద మహాద్వారం దాటగానే రాయలవారు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించుకుని నిలబడి ఉంటారు కదా, క్యూలో జరగండి జరగండి అని తోస్తా ఉంటే ఆయన మొహం సరిగ్గా ఎప్పుడూ చూడలేం, నాకు మాత్రం ఆ విగ్రహం దగ్గరికొచ్చినప్పుడల్లా ఈ ఆయి గుర్తొస్తుంది.

మా అత్తకి ఈ కథ నచ్చింది. "ఆ మహాతల్లి పేరున నీళ్ళు తాగతా ఉండారు, రాజు కంటే ఆమే మేలు" అని తీర్పిచ్చేసింది.

తర్వాత అరికమేడు. టౌన్‌కి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్లు, అరియాంకుప్పం ఏటి ఒడ్డున. 1945లో మార్టిమర్ వీలర్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే రోమన్‌ల కుండలు, మద్యం జాడీల పెంకులు బయటపడ్డాయి. ఇటలీలో ఆ కుండలు ఏ కాలంలో చేశారో ముందే తెలుసు కాబట్టి, వాటితో పాటు ఆ పొరలో దొరికిన మన కుండలకీ తేదీ దొరికింది, దక్షిణాది పురావస్తు తేదీలకి అదొక మేకు దిగినట్టైంది. పూసలు చేసే ఊరు కూడా అది, గాజు పూసలు, రాతి పూసలు. మందు కోసం పోయేవాళ్ళకి రెండువేల ఏళ్ళ కింద ఇటలీ నుంచి మందు దిగిన రేవు చూపిస్తే అన్యాయమేముంది అని బామ్మర్ది చెవిలో చెప్పా. నవ్వాడు. కానీ అక్కడ పోతే ఏముంటుంది అంటే, చెట్లు, పాత మిషన్ ఇంటి ఇటుక గోడలు, అంతే. తోటలో తిరిగినట్టుంటుంది. కుండ పెంకులు, పూసలు చూడాలంటే పార్కు పక్క మ్యూజియంకి పోవాలి. ముందు మ్యూజియం చూసి తర్వాత అరికమేడు పోతే ఆ మట్టికి అర్థముంటుంది, ఉత్తగా పోతే బోర్ కొట్టేస్తుంది, అది నిజం.

కీళూరు గురించి చెప్పబోతే వాడు ఫోన్‌లో మునిగిపోయాడు, అయినా ఇక్కడ రాస్తా, నా డైరీ కదా. టౌన్ నుంచి పడమరగా పల్లెల్లో ఉంటుంది. 1954 అక్టోబర్ 18న అక్కడ 178 మంది ప్రజాప్రతినిధులు కూర్చుని ఓటేశారు, 170 మంది ఇండియాలో కలుద్దామని, 8 మంది వద్దని. నవంబర్ 1 నుంచి పాలన మనకొచ్చింది, కాయితాల మీద మాత్రం 1962 ఆగస్టు 16 దాకా ఫ్రాన్సుదే. అందుకే పాండిచ్చేరోళ్ళకి ఆగస్టు 15 అయిన మర్నాడు కూడా జెండా పండగే. ఫ్రెంచి సామ్రాజ్యంలో ఒక ముక్క ఒక చిన్న ఊళ్ళో ఓట్లు లెక్కపెట్టుకుని వచ్చేసింది, దానికి గుర్తుగా అక్కడున్న స్థూపం దగ్గర నేను పోయినప్పుడు మేకలు తప్ప ఎవురూ లేరు.

అంతలో కరెంటు పోయింది. ఆదివారం కూడా.

మధ్యాహ్నం పితకపప్పు కూర, రాగి సంగటి. దీని గురించి ఏం రాసినా తక్కువే, రాయను. తిని పడుకుని లేచేసరికి నాలుగు. బామ్మర్ది పోలేదు, సంగటి తిన్నోడు ఎట్లా పోతాడు, సోఫాలో గురక. లేచి టీ తాగతా తనే అడిగాడు, "బావా, ఆ రాక్ బీచ్‌లో ఇసుక లేదంటారే, ఫొటోల్లో కొంచెం కనిపిస్తా ఉంది?"

ఇది మంచి ప్రశ్న. మన తూర్పు తీరంలో సముద్రం ఇసుకని ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుంటా పోతుంది. పాండిచ్చేరికి దక్షిణంగా హార్బర్ కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టేసరికి ఇసుక అక్కడే ఆగిపోయింది, టౌన్ ముందరికి రాలేదు, ఉన్నది అలలు లాక్కుపోయాయి. బీచ్ పోయి బండరాళ్ళు మిగిలాయి. రాక్ బీచ్ అని జనం ముద్దుగా పిలుచుకునేది నిజానికి ఇసుక పోయిన గాయం మీద కట్టిన కట్టు. ఇప్పుడు కొన్నేళ్ళ కింద చెన్నై సముద్ర పరిశోధన సంస్థవాళ్ళు నీళ్ళలో మునిగి ఉండేలా ఒక గట్టు దింపారు, దాంతో సెక్రటేరియట్ ముందర కొంచెం ఇసుక మళ్ళీ చేరింది. ఆ కాస్త ఇసుకలో పిల్లలు ఆడుకుంటా ఉంటారు. సాయంత్రం ఆరు నుంచి ఆ రోడ్డులో బండ్లు రానివ్వరు, అప్పుడు నడువు, గాంధీ విగ్రహం చుట్టూ ఉండే రాతి స్తంభాలు సెంజి కోట నుంచి తెచ్చినవి, వాటిని కూడా ఒకసారి చూడు అన్నా. మన దేశింగు రాజు కథలో సెంజి అనేసరికి మా అత్త మళ్ళీ చెవులు రిక్కించింది, ఇంక ఆ కథ మొదలైతే రాత్రవుతుందని నేను ఆపేశా.

ఆరింటికి వాడు పోయాడు. నేను పిల్లల్ని తీసుకుని కపిలతీర్థం దాకా పోయొచ్చా, వాన్లు ఆగి చాన్నాళ్ళైనా జలపాతం సన్నగా పడతానే ఉంది.

తొమ్మిదింటికి బామ్మర్ది వాట్సాప్‌లో ఫైనల్ ప్లాన్ పెట్టాడు. కేఫ్‌లు అన్నీ అట్లే ఉన్నాయి. రంగపిళ్ళై ఎగిరిపోయాడు. అరికమేడు "టైముంటే" అని రాశాడు, అంటే లేదని. ఎంజీ రోడ్డులో ఆదివారం సంత మాత్రం చేర్చాడు, అక్కడ చవగ్గా చొక్కాలు దొరుకుతాయని ఎవురో చెప్పారంట. ఒక్కటి మాత్రం నేననుకోనిది. తిరువక్కరై. నేను మాటవరసకి అన్నా, అక్కడ రెండుకోట్ల ఏళ్ళ నాటి చెట్లు రాళ్ళైపోయి నేలమీద పడున్నాయి, పక్కనే వక్రకాళి గుడి అని. వాళ్ళ గ్యాంగులో ఒకడు ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివాడంట, పట్టుబట్టి పొద్దున్నే అక్కడికి పోవాల్సిందే అన్నాడంట. వాడెవరో గానీ వాడికి ఒకరోజు మా ఇంట్లో సంగటి పెట్టాలి.

మా ఆవిడ నా భుజం మీద నుంచి ఆ మెసేజ్ చదివి, "ఊరందరికీ ప్లాన్లేసిస్తావు, మమ్మల్ని ఎప్పుడు తీసుకుపోతావు, నాకు ఆ పూసలు చూడాలి" అంది. రెండో శనివారం చూద్దామన్నా. క్యాలెండర్ తీసింది, రథసప్తమి దగ్గర్లోనే ఉంది, ఆ రోజుల్లో కొండకొచ్చే చుట్టాలంతా మనింట్లోనే దిగుతారు, కదలడానికుండదు. దాని తర్వాత వారానికి పెన్నుతో సున్నా చుట్టింది. రైలు టికెట్లు చూడమని ఇప్పుడు లోపల నుంచి అరుస్తా ఉంది.