సుద్దముక్క బల్ల మీద పెట్టి

బీఈడీలో చేరేనాటికి నలుగురిలో లేచి నిలబడితే చాలు, నాకు మాట పెగిలేది కాదు. డిగ్రీలో సెమినార్ ఉన్న రోజు జ్వరమని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. అలాంటి నేను టీచర్ని ఎలా అవుతానోనని అమ్మకి దిగులు. నాకైతే అంతకంటే ఎక్కువ.

నాతో బీఈడీ చదివిన మీకూ మన కాలేజీలో సూక్ష్మ బోధన లెక్క గుర్తుండే ఉంటుంది. ఒక్కో బోధనా నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేయడమే సూక్ష్మ బోధన. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు సలహాలు, 12 నిమిషాల్లో పాఠ్య పథకం దిద్దుకోవడం, మళ్లీ 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు సలహాలు. మొత్తం 36 నిమిషాలు. పిల్లలుగా కూర్చునేది మనవాళ్లే. 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి అని పరీక్ష కోసం బట్టీపట్టాం. అదెంత మంచి పద్ధతో నా వంతు వచ్చినప్పుడు తెలిసింది.

నాకు ప్రశ్నించే నైపుణ్యం ఇచ్చారు. "ఆకు పచ్చగా ఎందుకుంటుంది?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పడి, బోర్డు వైపు తిరిగి 'పత్రహరితం' అని నేనే రాసేశాను. తర్వాతి ప్రశ్నలకూ అంతే. నాలుగు నిమిషాలకే పాఠం అయిపోయింది.

పాఠం గమనిస్తున్న మా మేడమ్ కోప్పడలేదు. పరిశీలన పత్రంలో గీతలు చూపించారు. ప్రశ్నలు 9, అందులో 7 జవాబులు నావే.

"ప్రశ్న అడిగాక సుద్దముక్క బల్ల మీద పెట్టెయ్యమ్మా. మనసులో ఐదు లెక్కపెట్టు" అన్నారు. అంతే. భయపడొద్దని అప్పటిదాకా చాలామంది చెప్పారు. ఏం చెయ్యాలో చెప్పింది మాత్రం ఆవిడే.

రెండోసారి అదే ప్రశ్న అడిగి, సుద్దముక్క పెట్టేసి లెక్క మొదలుపెట్టాను. మూడు దగ్గర చివరి వరసలో ఒక చెయ్యి లేచింది. "మా పెరట్లో ఇటుక తీస్తే కింద గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది టీచర్, ఎందుకు?" నా పథకంలో లేని ప్రశ్న. వెలుతురు లేకపోతే పత్రహరితం తయారవదని తన మొహంలోకి చూస్తూ చెప్పాను. ఇంకో చెయ్యి లేచింది, ఆ వెంటనే మరొకటి. టైమ్ అయిందని గంట కొడితే, ఇంకొక్క నిమిషం ఇవ్వమని అడిగాను.

టీచింగ్ ప్రాక్టీస్‌లో యాభై మంది పిల్లల ముందు నిలబడ్డ మొదటి రోజు కాళ్లు మళ్లీ వణికాయి. సుద్దముక్క కింద పెట్టి లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు మండల శిక్షణల్లో తోటి టీచర్లతో మాట్లాడేటప్పుడూ అదే చేస్తాను.

మేడమ్, ఆ రెండో పత్రం దాచుకున్నాను. ప్రశ్నలు 5, నేను చెప్పుకున్న జవాబు 1.