సొరోరిటీ రిక్రూట్‌మెంట్‌కి నేను ఎలా సిద్ధమయ్యానంటే

అమెరికాలో కాలేజీకి వెళ్లబోతున్న తెలుగమ్మాయికి సలహాలకి కొదవ ఉండదు. ఏ మేజర్ తీసుకోవాలి, ఇంటర్న్‌షిప్ ఎప్పుడు వెతకాలి, అన్నిటికీ ఒక బాబాయో, పిన్నో, నాన్న ఫ్రెండో దొరుకుతారు. కాలేజీ ఆడపిల్లల సంఘాలైన సొరోరిటీల గురించి అడిగితే మాత్రం ఎవరూ ఉండరు. మా అమ్మ గుంటూరులో చదువుకుంది, నాన్న వరంగల్ ఆర్‌ఈసీలో. వాళ్లకి హాస్టల్ తెలుసు, ర్యాగింగ్ తెలుసు. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్లు, వాటిలో సభ్యురాలిగా చేరడానికి ఆగస్టు ఎండలో జరిగే ఎంపిక, ఇవన్నీ కొత్త. నేను ఆరో తరగతి అయ్యాక డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చాను. టెక్సస్‌లోనే ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో సీటొచ్చింది. అంత పెద్ద క్యాంపస్‌లో నా పేరు తెలిసిన మనుషులు కొందరైనా కావాలనిపించి రిక్రూట్‌మెంట్‌కి పేరిచ్చాను. ఆ వేసవిలో చేసిన వాటిలో ఏది పనికొచ్చిందో, ఏది దండగో ఇక్కడ రాస్తున్నాను. నా తర్వాత వెళ్లే అమ్మాయిలకి అడగడానికి ఒకరుండాలని నాకు చాలా ఉంది.

ఇవి కొత్తగా పుట్టిన క్లబ్బులు కావు. కాలేజీల్లో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో, మగవాళ్ల ఫ్రటర్నిటీలు వాళ్లని సభ్యులుగా చేర్చుకోని రోజుల్లో, తమకోసం తాము పెట్టుకున్న సంఘాలు. కప్పా ఆల్ఫా థీటా 1870లో ఇండియానాలో అలాగే మొదలైంది. 1902లో ఇలాంటి సంఘాలు కలిసి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌గా ఏర్పడ్డాయి. అందులో ఇరవైకి పైగా సొరోరిటీలున్నాయి. ఆగస్టులో జరిగే ఈ ఎంపికకి రూల్స్ చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. ఈ చరిత్ర చెప్పినప్పుడు అమ్మ కొంచెం మెత్తబడింది. అంతకుముందు ఆమె అన్నది ఒకటే మాట: "డబ్బులు కట్టి మరీ ఫ్రెండ్స్‌ని తెచ్చుకోవాలటే?"

నాన్నకి డబ్బు కంటే హేజింగ్ గురించి భయం ఎక్కువ. అదీ న్యాయమే. కొత్తవాళ్లని ఏడిపించడం, బలవంతంగా తాగించడం వల్ల ఈ దేశంలో పిల్లలు చనిపోయారు. టెక్సస్‌లో 2019లో చట్టాన్ని గట్టి చేసి, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలు యూనివర్సిటీలు తమ సైట్‌లో పెట్టాలన్నారు. 2024 డిసెంబర్‌లో దేశమంతటికీ ఇలాంటి చట్టం వచ్చింది. నాన్న మా యూనివర్సిటీ రిపోర్టు తెరిచి, ఏ సంఘం పేరుంది, ఏ సంవత్సరం, ఏం చేశారు, ఏం శిక్ష పడింది, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాడు. నేను వేసవిలో చేసిన పనులన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదేనని ఇప్పటికీ అంటాను. పేరెంట్స్ ఇది చదువుతుంటే, పిల్లని వద్దనే ముందు ఆ పేజీ ఒకసారి తెరిచి చూడండి. వద్దనాల్సి వస్తే దేనికి వద్దంటున్నారో మీకూ తెలుస్తుంది, పిల్లకీ తెలుస్తుంది.

అమ్మ మెల్లిగా అడిగిన ఇంకో ప్రశ్న ఉంది. "మనవాళ్లని చేర్చుకుంటారా?" దానికి నా దగ్గర సూటి జవాబు లేదు. 2013లో అలబామా యూనివర్సిటీ విద్యార్థి పత్రిక 'ది క్రిమ్సన్ వైట్', అర్హత ఉన్న నల్లజాతి అమ్మాయిల్ని సొరోరిటీలు ఎలా పక్కన పెట్టాయో బయటపెట్టింది. గొడవ పెద్దదయ్యాక యూనివర్సిటీ కలగజేసుకుని మళ్లీ అవకాశం ఇప్పించింది. అది మరీ పాత కథేం కాదు. అందుకే ప్రతి చాప్టర్ (ఒక సొరోరిటీకి మా క్యాంపస్‌లో ఉండే శాఖ) సోషల్ మీడియా పేజీల్లో ఒక్క బిడ్ డే (ఎంపికైనవాళ్లకి ఆహ్వానాలు ఇచ్చే రోజు) ఫొటో చూసి ఊరుకోకుండా, ఏడాది పొడవునా ఎవరెవరు కనిపిస్తున్నారు, పదవుల్లో ఎవరున్నారు అని చూశాను. ఆ చూడటం వల్లే కొన్ని ఇళ్ల మీద మోజు తగ్గింది, కొన్నిటి మీద ఆసక్తి పెరిగింది.

దరఖాస్తు పెద్ద కష్టమేం కాదు. ఆన్‌లైన్ ఫారం, మార్కులు, ఒక మంచి ఫొటో, చిన్న చిన్న జవాబులు, రిజిస్ట్రేషన్ ఫీజు. మార్కుల విషయంలో ఒక్కో చాప్టర్‌కి ఒక్కో కనీస జీపీఏ ఉంటుంది, అది ముందే చూసుకోవాలి. ఒకప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో పాత సభ్యురాళ్ల దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చుకోవడం పెద్ద తతంగమట. ఇప్పుడు చాలా సొరోరిటీలు వాటిని తప్పనిసరి చేయడం మానేశాయి. తల్లో అమ్మమ్మో సభ్యురాలైతే ఇచ్చే ప్రాధాన్యాన్ని కూడా కొన్ని తీసేశాయి. మనలాంటి ఇళ్లకి ఇది నిజంగా మేలు చేసిన మార్పు.

ఇక అసలు తయారీ. మా కమ్యూనిటీలోనే ఉండే ఒక అక్క మా యూనివర్సిటీలోనే ఈ రష్ (రిక్రూట్‌మెంట్‌నే అలా అంటారు) అంతా దాటింది. బట్టల లిస్టు అడుగుదామని వాళ్లింటికి వెళ్తే, "డ్రెస్సుల సంగతి తర్వాత. ముందు నీ గురించి రెండు నిమిషాలు చెప్పు" అంది. నేను జీపీఏ, రోబోటిక్స్, డిబేట్, కూచిపూడి రంగప్రవేశం, వాలంటీర్ గంటలు, వరసపెట్టి చెప్పుకుపోయాను.

"ఇది ఇంటర్వ్యూలో చెప్పేది చెల్లీ. వాళ్లు నీకు ఉద్యోగం ఇవ్వట్లేదు. నీతో రోజూ అన్నం తింటారు" అంది.

ఆ వేసవిలో నాకు దొరికిన అతి మంచి మాట అదే. మన ఇళ్లల్లో పిల్లలకి పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పడం బాగా వచ్చు. ఎదురు ప్రశ్న వేయడం, అవతలి మనిషి చెప్పిన మాట పట్టుకుని ముందుకెళ్లడం అలవాటుండదు. సొరోరిటీ ఇంట్లో ఒక్కొక్కరితో కాసేపే మాట్లాడతాం. ఈలోగా ఇంకో అమ్మాయి వచ్చి అందుకుంటుంది, మొదటామె లేచి వెళ్తుంది. హాల్లో వందలమంది ఒకేసారి మాట్లాడుతుంటారు, గొంతు పోతుంది. ప్రతిసారీ 'ఏ ఊరు, ఏ మేజర్, ఏ డార్మ్' దగ్గరే మొదలవుతుంది. అక్కడి నుంచి బయటపడటం రావాలి.

దానికి నేను మనవాళ్ల ఫంక్షన్లలోనే సాధన చేశాను. గుడిలో, పాట్‌లక్‌లలో, అంతకుముందు నమస్తే చెప్పి ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్లిపోయే నేను, ఆంటీల పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాను. ఒక ఆంటీ నర్సుగా రాత్రి డ్యూటీలు చేస్తూ ఇద్దరు పిల్లల్ని ఎలా పెంచిందో అలాగే తెలిసింది. ఇంకొకావిడ పెళ్లికి ముందు రాష్ట్ర స్థాయి ఖోఖో ఆడిందట. అన్నేళ్లుగా ఎదురుగా ఉన్నా నేను ఒక్కసారీ అడగలేదు. రెండో ప్రశ్న అడిగితేనే మనుషులు తెరుచుకుంటారని అక్కడే అర్థమైంది. రష్ కోచ్‌లని ఉంటారు, వేల డాలర్లు తీసుకుంటారు. ఆ డబ్బు పెట్టొద్దని గట్టిగా చెప్తాను.

మాట్లాడకూడని వాటి గురించి కూడా అక్క చెప్పింది: అబ్బాయిలు, మందు, రాజకీయాలు, మతం, డబ్బు. "అయితే గుడిలో డాన్స్ చేసిన సంగతి చెప్పొద్దా?" అని అడిగాను. "వాదన వద్దంటున్నారు గానీ నీ జీవితాన్ని దాచమనట్లేదు" అంది. నేను చెప్పాను. విన్నవాళ్లు గజ్జెల గురించి, ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి చేసే నాట్యం గురించి ఎంతో ఇష్టంగా అడిగారు.

బట్టల గురించి ఒక్క పేరాలో ముగిస్తాను. 2021లో అలబామా అమ్మాయిల రష్ వీడియోలు టిక్‌టాక్‌లో వైరల్ అయినప్పటి నుంచి అందరూ దీన్ని ఫ్యాషన్ పోటీ అనుకుంటున్నారు. మొదటి రోజులకి మామూలు కాటన్ డ్రెస్సులు, ఆఖరి రౌండ్‌కి కొంచెం ఫార్మల్‌ది, అంతే. నేను ఒకటే కొత్తది కొన్నాను, అమ్మమ్మ ఇచ్చిన జుంకాలు పెట్టుకున్నాను. నిజంగా కావాల్సింది నడవగలిగే చెప్పులు, నీళ్ల సీసా, చిన్న చేతి ఫ్యాన్, కాలి బొబ్బలకి బ్యాండేజీలు. టెక్సస్ ఆగస్టు ఎండ రెంటచింతలకి తీసిపోదు.

రౌండ్ల పేర్లు, సంఖ్య క్యాంపస్‌ని బట్టి మారతాయి. మా దగ్గర ముందు ఓపెన్ హౌస్‌లో అన్ని ఇళ్లూ తిరిగాం. తర్వాత సేవా కార్యక్రమాల రౌండ్, ఆ తర్వాత సిస్టర్‌హుడ్, చివరికి ప్రిఫరెన్స్. ప్రతి రౌండ్ తర్వాత మనం ఇళ్లకి ర్యాంకులిస్తాం, వాళ్లూ ఎవరిని మళ్లీ పిలవాలో లిస్టు ఇస్తారు, రెండూ కంప్యూటర్ కలుపుతుంది. పొద్దున్నే కొత్త షెడ్యూల్ వస్తుంది. మాకు దారి చూపడానికి ఒక సీనియర్ ఉంటుంది. రో గామా అంటారు. ఆ కొన్నాళ్లు తన సొరోరిటీతో సంబంధం పక్కనపెట్టి, ఏ ఇంటి వైపూ మొగ్గకుండా మాతో ఉంటుంది.

మొదటి షెడ్యూల్ వచ్చిన పొద్దున నా గుండె జారిపోయింది. బాగా మాట్లాడాననుకున్న ఇళ్లు కూడా లేవు. పక్క గదిలో అమ్మాయి ఏడుస్తోంది. అప్పుడు మా రో గామా కూర్చోబెట్టి లెక్క చెప్పింది. ఒక్కో చాప్టర్ ఎంతమందిని మళ్లీ పిలవొచ్చో వాళ్ల ఇష్టం కాదు. గత సంవత్సరాల్లో పిలిస్తే ఎంతమంది తిరిగొచ్చారో చూసి, ఒక నిపుణురాలు ఆ సంఖ్య ఇస్తుంది. అందరూ కోరుకునే ఇల్లయితే తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి మొదటి రోజే చాలా పేర్లు తీసేయక తప్పదు. చివరిదాకా ఆశపెట్టి ఆఖర్న కాదనడం కంటే నయమని ఈ పద్ధతి పెట్టారు. ఈ సంగతి వేసవిలోనే తెలిసుంటే ఆ పొద్దున అంత టెన్షన్ ఉండేది కాదు. వెళ్లబోయే ప్రతి అమ్మాయికీ ఇది ముందే చెప్పాలి. నాలుగు నిమిషాల మాటతో నీ విలువ ఎవరూ తేల్చలేదు తల్లీ, అక్కడ చాలావరకు నడిచింది అంకెలు.

సేవా కార్యక్రమాల రౌండ్ నాకు బాగా నచ్చింది. ఒక్కో సొరోరిటీకి ఒక్కో సేవ ఉంటుంది. ట్రై డెల్టా సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి విరాళాలు సేకరిస్తుంది, జీటా టౌ ఆల్ఫా రొమ్ము క్యాన్సర్‌పై అవగాహన కల్పిస్తుంది, డెల్టా గామా కంటిచూపు కోసం పనిచేస్తుంది. ఆ కంటిచూపు మాట వచ్చినప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనకి హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక పేపర్‌లో చిన్న అక్షరాలు గట్టిగా చదివి అందరికీ వినిపించిన సంగతి చెప్పాను. అవతలి అమ్మాయి వాళ్ల నానమ్మకి చూపు తగ్గిపోతున్న విషయం చెప్పింది. సమయం అయిపోయిందని వేరే అమ్మాయి వచ్చి నిలబడినా ఇద్దరం లేవలేదు.

సిస్టర్‌హుడ్ రౌండ్‌కి నేను ఇంట్లోనే ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. నేను మాంసం తినను, మీ ఇంట్లో వంట ఎలా ఉంటుంది? దసరాకో దీపావళికో ఇంటికి వెళ్లాల్సి వచ్చి, అదే రోజు మీ మీటింగ్ ఉంటే ఫైన్ వేస్తారా? పరీక్షల వారంలో ఎన్ని కార్యక్రమాలుంటాయి? ఒక ఇంట్లో ఆ పండగ ప్రశ్నకి నవ్వి మాట మార్చారు. ఇంకో ఇంట్లో, ముందే చెప్తే సెలవు ఇస్తారని, కిందటేడు తమలో ఒకమ్మాయి ఈద్‌కి అలాగే వెళ్లిందని చెప్పారు. నా ర్యాంకులు అక్కడే మారాయి.

ఫీజుల సంగతి ఆ అమ్మాయిల్ని కాకుండా పాన్‌హెలెనిక్ ఆఫీసుని అడగాలి. మా క్యాంపస్‌లో చాప్టర్‌వారీగా ఒక పట్టిక ఇస్తారు. మొదటి ఏడాది కొత్త సభ్యురాలి ఫీజు, జాతీయ సంఘం ఫీజు, బ్యాడ్జి ఖర్చు కలిసి ఎక్కువే అవుతుంది. ఇంట్లో ఉండకపోయినా హౌస్ ఫీజు ఉండొచ్చు, రెండో ఏడు తప్పనిసరిగా ఆ ఇంట్లోనే ఉండాలనే నిబంధనా ఉండొచ్చు. టీ షర్టులు, ఫొటోలు, పార్టీ డ్రెస్సులు ఆ పట్టికలో ఉండవు, వాటికి విడిగా అనుకోవాలి. నాన్న మొత్తం చూసి ఒక గీత గీశాడు. ఆ గీత పైనున్న ఇళ్లు ఎంత బాగున్నా నేను కిందికి దించాను. నాకు బాధేం వేయలేదు, ఆ డబ్బు ఎలా వస్తోందో నాకు తెలుసు.

ప్రిఫరెన్స్ అయ్యాక సంతకం పెట్టే కాగితం ఒకటుంది. అది జాగ్రత్తగా చదవాలి. అందులో మనం ఏ ఇళ్ల పేర్లు రాస్తే వాటిలో ఏది వచ్చినా ఒప్పుకున్నట్టే. వచ్చాక వద్దంటే, ఆ క్యాంపస్‌లో మళ్లీ ప్రధాన రిక్రూట్‌మెంట్ వచ్చేదాకా ఇంకో పాన్‌హెలెనిక్ సొరోరిటీలో చేరడానికి వీల్లేదు. చేరడం ఇష్టం లేని ఇల్లయితే పేరు రాయకూడదు. అయితే పిలిచిన ఇళ్లన్నిటికీ వెళ్లి, అన్నిటి పేర్లూ రాస్తే చోటు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. నేను రెండు పేర్లూ రాశాను. బిడ్ డే నాడు కవరు విప్పితే పండగ ప్రశ్నకి జవాబు చెప్పిన ఇల్లు వచ్చింది. అమ్మకి ఫోన్ చేస్తే, "వాళ్లు మంచివాళ్లేనా? అన్నం తిన్నావా?" అని రెండే అడిగింది.

ఈ దారి నచ్చనివాళ్లకి వేరే దారీ ఉంది. దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్న సొరోరిటీలు టెక్సస్‌లోనే పుట్టాయి: డెల్టా ఫై ఒమేగా హ్యూస్టన్ యూనివర్సిటీలో, కప్పా ఫై గామా ఆస్టిన్‌లో, రెండూ 1998లోనే. వాటి ఎంపిక ఈ ఆగస్టు హడావిడితో కలవదు, సెమిస్టర్ మొదలయ్యాక పరిచయ సమావేశాలతో చిన్నగా జరుగుతుంది. నా ఫ్రిస్కో ఫ్రెండ్ అందులోకే వెళ్లింది, చాలా సంతోషంగా ఉంది. రెండూ చూసి నిర్ణయించుకోవచ్చు.

ఈ ఏడాది మా కమ్యూనిటీ నుంచి ఇంకో అమ్మాయి రిక్రూట్‌మెంట్‌కి వెళ్తోంది. నాన్న తన ఎక్సెల్ ఫైల్‌ని కొత్త రిపోర్టు చూసి సరిచేసి వాళ్ల నాన్నకి పంపాడు. తను శనివారం మా ఇంటికి వస్తానంది. వచ్చాక ముందు తన గురించి రెండు నిమిషాలు చెప్పమంటాను.