హుద్‌హుద్ కథ, ఫోన్ నోట్స్‌లో

హుద్‌హుద్ తుపాను మీద కథ రాస్తున్నా. 2014 అక్టోబర్ 12, విశాఖ. తారీఖులు, గాలి వేగాలు నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. తుపాను కన్ను (నడిమధ్యన గాలి లేని భాగం) ఊరి మీంచి వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది గుర్తుందా? అంతా అయిపోయిందని మేం తలుపు తీయబోతుంటే, మా మామ్మ వంటింట్లోకి పరుగెత్తి బియ్యం డబ్బా మంచం మీదకెక్కించి, "ఓలమ్మో, మల్లొస్తాదే ఇది!" అంది. వచ్చింది కూడా, ఈసారి అవతలి వైపు నుంచి. ఇది మాత్రం నా ఒక్కదాని దగ్గరే ఉంది.

వింతేంటంటే, రాస్తుంటే భయం రావట్లేదు, నవ్వొస్తోంది. సరే, నవ్వుతూనే రాస్తున్నా. లేని ఏడుపు తెచ్చిపెడితే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. (ఏడుపు పోస్టులకే లైకులెక్కువ, అది వేరే సంగతి.)

మామ్మ మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్దమని ఒక ఫ్రెండ్ సలహా. దిద్దను. ఆవిడ శ్రీకాకుళం మనిషి, అలాగే మాట్లాడుతుంది. సరదాకి ఏఐకి ఇచ్చి చూశా. పేరా నున్నగా వచ్చింది గానీ బియ్యం డబ్బా మాయం!

కరెంటు లేని రాత్రులు, పాల ప్యాకెట్ల క్యూలు, ఆకులన్నీ రాలి మోడైన కైలాసగిరి ఇంకా రాయాలి. మొదటి భాగం ఆదివారం పెడతా.